డాక్టరమ్మ అక్కను అడిగిన మాటలు

అక్క బస్సు ఆపించిన సంగతి నాకు అక్క చెప్పలేదు, కండక్టరు చెప్పాడు. కోరుట్ల నుంచి మా సిరిసిల్లకు వస్తూ ఊరూ వాడా లేని చోట, మక్కచేను పక్కన ఆపించిందట. అదీ రెండుసార్లు. బస్టాండులో దించుతూ ఆయన, "మీ అక్కను దవాఖాన్ల సూపియ్యి టీచరమ్మా" అన్నాడు మర్యాదగానే. అక్క మాత్రం సంచి భుజాన వేసుకుని, ఏమీ విననట్టు ఆటోల వైపు నడిచింది.

నేను సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. తేలని లెక్క చూస్తే నాకు కోపం వస్తుంది. అక్క ఎప్పుడూ నాకు తేలని లెక్కే. ఇంట్లోకి రాగానే చెంబుతో నీళ్లిస్తే పెదాలు తడుపుకుని కింద పెట్టేసింది. ఎండలో పడి వచ్చిన మనిషివి నీళ్లు తాగవేంటని గద్దించాను. తాగితే మళ్లీ లేవాలి కదా అంది, అదేదో లోకమంతటికీ తెలిసిన విషయమైనట్టు.

అక్క బీడీలు చేస్తుంది. పెళ్లికి ముందు నుంచీ అదే పని. వాడకట్టు ఆడవాళ్లంతా ఒక అరుగు మీద చేరి, తునికాకు ముక్కలూ తంబాకూ ఉన్న చేటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. లేవాలంటే చేట దించాలి, చేతులు కడుక్కోవాలి, వచ్చి మళ్లీ ఊపందుకోవాలి. అందుకే నీళ్లు తగ్గించుకోవడం వాళ్లకు పనితో పాటే అలవాటవుతుంది. అక్క చేతి వేగం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మనతో మాట్లాడుతూనే ఉంటుంది, కళ్లు మన మొహం మీదే ఉంటాయి, కింద వేళ్లు ఆకు చుట్టి, మూతి మడిచి, దారం కట్టేసి ఉంటాయి. కార్ఖానాలో ఆమె కట్టలను విప్పి చూసేవాళ్లు కారు.

మా బావ పెళ్లైన రెండో ఏడే మస్కట్ పోయాడు. రెండేళ్లకోసారి ఛుట్టీ మీద, అంటే సెలవు మీద, వచ్చి నెలో రెండు నెలలో ఉండి పోయేవాడు. ఈ లోపల అక్క అత్తను సాకింది, మామను సాగనంపింది, బిడ్డను చదివించి మెట్‌పల్లిలో పెళ్లి చేసింది, నిలబడి ఇల్లు కట్టించింది. మేస్త్రీ గోడ వంకర పెడితే కూలగొట్టించి మళ్లీ కట్టించిన మనిషి. మా ఇంట్లో మగవాళ్లు కూడా ఆమెతో వాదనకు దిగేముందు కాస్త ఆలోచించుకుంటారు. అట్లాంటి మనిషి నీళ్ల చెంబుకు భయపడుతోంది.

ఆ సాయంత్రం వంటింట్లో కూర్చోబెట్టి అడిగితే కొంచెం కొంచెంగా బయటపడింది. ముట్టు ఆగిపోయి నాలుగైదేళ్లయింది. ఆ తర్వాత మొదలైంది ఒంటికి పోతే మంట. పోయి వచ్చిన కాసేపటికే మళ్లీ వచ్చినట్టుంటుంది, లేచి గుమ్మం దాటేలోపే ఆగదు. తుమ్మితే చుక్క పడుతుంది. వేడి చేసిందని సబ్జా గింజలు, బార్లీ, సల్ల అన్నీ అయ్యాయి. గల్లీలో ఆరెంపీ డాక్టరు గోలీలు ఇస్తాడు. నాలుగు రోజులు నయమనిపిస్తుంది, మళ్లీ మామూలే. శుభ్రంగా ఉండాలని స్నానం నీళ్లలో డెట్టాల్ పోసుకుని కడుక్కుంటోంది. పక్కింటామె గర్భసంచి తీయించుకో, పీడ పోతుందని సలహా ఇచ్చిందట. మా దిక్కున గర్భసంచి తీయించుకోవడం పిప్పిపన్ను పీకించుకున్నంత తేలికగా మాట్లాడతారు.

ఇదంతా చెప్పి, ఉల్లిగడ్డ తరుగుతూ తల ఎత్తకుండానే, "మీ బావ మళ్ల మస్కట్ పోతున్నడు" అంది.

నాకు అర్థం కాలేదు. బావ వీసా క్యాన్సిల్ చేసుకుని వచ్చి ఏడాది కూడా నిండలేదు. మోకాళ్లు అరిగాయి, షుగర్ ఉంది, ఇక చాలు అని అందరి ముందూ చెప్పి వచ్చాడు. ఇప్పుడు పాత కంపెనీలో ఎవరో క్యాంపు చూసుకునే పని ఉందన్నారట, పాస్‌పోర్టు జగిత్యాల ఏజెంటుకు ఇచ్చాడట, ఇంకో రెండు వారాల్లో హైదరాబాదులో వీసాకు మెడికల్ పరీక్ష అట. ఎందుకు పోతున్నాడంటే పొద్దు పోవడం లేదట అంది అక్క. నువ్వు వద్దనలేదా అంటే కత్తి కింద పెట్టింది. కళ్లు తుడుచుకుంది, ఉల్లిగడ్డ వల్ల కాదని నాకు తెలుసు.

నేను ఊరుకునే రకం కాదు. బావకు ఫోన్ చేసి కడిగేశాను. ఈ వయసులో ఎడారిలో ఏం పని, అక్కను ఇంకా ఎన్నేళ్లు ఒంటరిగా ఉంచుతావు అని నాకు తోచినదంతా అన్నాను. ఆయన మెత్తని మనిషి. అంతా విని, "నేనుంటె మీ అక్కకే తిప్పలైతంది మర్దలా. ఆమె బతుకు ఆమెకు అలవాటైంది, నడుమ నేనచ్చి పడ్డ" అన్నాడు. ఆ గొంతులో అలక లేదు, ఓడిపోయినవాడి నెమ్మది ఉంది. నాకు మరింత కోపం వచ్చింది, ఎవరి మీద రావాలో తెలియలేదు.

బావ సంగతి తర్వాత, ముందు ఈ మంట సంగతి చూద్దామని మర్నాడే అక్కను జగిత్యాల తీసుకుపోయాను. మా తోటి టీచరు ఒకామె చెప్పిన లేడీ డాక్టరు అక్కడ ఉంది. హాలు నిండా కడుపుతో ఉన్న పిల్లలే. అక్క కొంగు తల మీదికి లాక్కుని మూలన కూర్చుంది. ఈ వయసులో ఇక్కడ నేనేంది, చూసినోళ్లు ఏమనుకుంటారు అని గొణిగింది. తన పక్కన కూర్చున్న అమ్మాయి ఎన్నో నెల అని అడగకుండా ఉన్నందుకు సంతోషించమన్నాను. అక్క నవ్వలేదు.

డాక్టరమ్మకు నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, చెవులకు చిన్న దుద్దులు తప్ప ఏమీ లేవు. నేను లోపలికి పోతూనే మొదలుపెట్టాను, అక్కకు మంట, అక్కకు ఆగదు, అక్క నీళ్లు తాగదు అని. ఆమె నా వైపు తిరిగి, "టీచరమ్మా, నొప్పి మీకా, అక్కకా?" అంది. నేను నోరు మూసుకున్నాను. పాతికేళ్లుగా పిల్లల నోళ్లు మూయించే నాకు అది కొత్త అనుభవం. తర్వాత అక్కను అడిగింది, చెల్లె ఇక్కడే ఉండాలా, బయట కూర్చోవాలా అని. అక్క నా వైపు చూసి ఉండనీయమంది.

ఆమె అడిగిన తీరు నేను మరిచిపోలేను. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా సిగ్గు లేదు, అట్లాగని మొరటుతనమూ లేదు. నీళ్లు ఎన్ని తాగుతావు దగ్గర మొదలైంది. పని ఏంటి, ఎంతసేపు కూర్చుంటావు, చేయి ఆపి లేవడానికి ఎవరైనా అడ్డమా. మంట పోసేటప్పుడా, పోసినంకనా. పరుగెత్తాల్సి వస్తుందా, పోయేలోపు పడిపోతుందా. దగ్గితే పడుతుందా, నవ్వితే పడుతుందా. ఏదో కిందికి జారినట్టు బరువుగా ఉంటుందా. కింద పొడిగా అనిపిస్తుందా, దురదా, మంటా, తెల్లబట్ట ఉందా. దేనితో కడుక్కుంటావు. కాన్పులు ఎట్లా అయ్యాయి, షుగర్ చూపించుకున్నావా, ఏ గోలీలు వాడావు. ఒక ప్రశ్న లోంచి ఇంకో ప్రశ్న వచ్చేది. అక్క మొదట తలే ఊపింది. తర్వాత ఒక్క మాట, ఆ తర్వాత రెండు. డెట్టాల్ అన్నప్పుడు డాక్టరమ్మ కసరలేదు. శుభ్రంగా ఉండాలనే కదా పోసుకున్నావు, కానీ ఆ చర్మానికి అది పడదు, ఇవాళ్టి నుంచి ఒట్టి నీళ్లు చాలు అంది.

తర్వాత పెన్ను బల్ల మీద పెట్టింది.

"మీ ఇంటాయనతోని కలిసినప్పుడు నొప్పైతదా అమ్మా?"

అక్క చేతులు ఒళ్లో ఉన్నాయి. వేళ్లు కదులుతున్నాయి, లేని బీడీని చుడుతున్నట్టు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. మా అక్కచెల్లెళ్ల మధ్య ఈ మాట ఏనాడూ రాలేదు. డాక్టరమ్మ మాత్రం ఎదురుచూసింది. కాసేపయ్యాక మామూలు గొంతుతోనే, ముట్టు ఆగిన ఆడవాళ్లలో చాలామందికి ఇది ఉంటుంది, అడగకపోతే ఎవరూ చెప్పరు, అందుకే నేను అందరినీ అడుగుతాను అంది.

అక్క తల ఎత్తి ఆమెనే చూస్తూ చెప్పింది.

"బ్లేడుతోని కోసినట్టైతది మేడం. మునుపు ఛుట్టీల అచ్చినప్పుడు గూడ ఉండె. నెలైతె పోతడు గదా అని పండ్లు బిగవట్టి ఓర్సుకున్న. ఈసారి గూడ గట్లనే ఓర్సుకున్న. గని ఈసారి ఆయన పోతలేడు."

ముప్పై ఏళ్లుగా మొగుడి రాకను నెలల్లోనే చూసిన మనిషి, ఈ రాకకు చివర లేదన్న సంగతి ఒంటికి చెప్పుకోలేకపోయింది. బయటివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. గల్ఫ్ ఇళ్లలో పెరిగినవాళ్లకు కాదు. మా ఇళ్లలో ఏ కష్టమైనా ఛుట్టీ అయిపోయేదాకా అని ఓర్చుకోవడం, ఏ సంతోషమైనా ఛుట్టీకి వచ్చేదాకా అని దాచుకోవడం అందరికీ తెలిసిన పద్ధతి.

అంతటితో ఆగలేదు. రక్తం ఎప్పుడైనా కనబడిందా అని డాక్టరమ్మ అడిగితే, రెండుసార్లు బట్టకు అంటిందని అక్క చెప్పింది. అది క్యాన్సరే అని తనకు తానే తేల్చుకుందట. వాడకట్టులో ఒకామె అట్లాగే పోయింది. ఆయనకు తెలిస్తే ఇల్లు అమ్మి వైద్యం చేయిస్తాడని, మస్కట్ పోతే పోనీ, తెలియకుండా ఉంటుందని వద్దనలేదట. అది విన్నాక నేను క్యాలెండరు కూడా చూడలేకపోయాను.

ముట్టు ఆగినంక రక్తం కనబడితే ఊరికే వదలకూడదు, అట్లాగని ముందే భయపడకూడదు, చూద్దాం అంది డాక్టరమ్మ. తెర వెనక్కి తీసుకుపోయింది. ప్రతి పనికీ ముందు చెప్పడం నాకు వినబడుతూనే ఉంది. ఇప్పుడు చేయి పెడుతున్న, ఇది చల్లగ ఉంటది, ఇది చిన్నది, నొప్పైతె ఆపమను, ఆపుత. ఒకసారి అక్క ఆపమంది. ఆమె నిజంగానే ఆపింది. తర్వాత దగ్గమంది, బిగబట్టమంది, వదలమంది. ఏదో చిన్న పుల్లతో శాంపిల్ తీసింది, ఒంటేలు కూడా పరీక్షకు పంపింది. స్కానింగు అయ్యాక గర్భసంచి లోపలి పొర పలచగానే ఉంది, అది మంచి గుర్తే, తక్కిన రిపోర్టులు వారంలో వస్తాయి, అప్పటిదాకా ఏ గోలీలూ వద్దు అని పంపింది. ఒక జెల్ రాసిచ్చింది, పొడి తగ్గడానికి. నీళ్లు మాత్రం తాగమని అక్కతో ఒట్టు వేయించుకున్నంత పని చేసింది.

ఆ వారం అక్క కోరుట్లలో, నేను సిరిసిల్లలో. రోజూ ఫోన్ చేసి నీళ్లు తాగావా అని అడిగేదాన్ని. తాగుతున్న తియ్, నీ పీడేంది అనేది. గొంతులో భయం దాచుకోవడం ఆమెకు చేతకాలేదు. బావ ఏమంటున్నాడంటే, పెట్టె దించి తుడుస్తున్నాడంది.

రిపోర్టుల రోజు మళ్లీ ఇద్దరం జగిత్యాల పోయాం. డాక్టరమ్మ కాగితాలు చదివి, మొదటి మాటే, "క్యాన్సర్ లేదమ్మా" అంది. మిగతాదంతా ఆ తర్వాత చెప్పింది. పరీక్షకు పెడితే ఒంటేలులో ఏ పురుగూ పెరగలేదు. ఇన్నాళ్లూ మింగిన గోలీలు లేని రోగానికి మింగినవి. ముట్టు ఆగినంక ఒంట్లో ఒక హార్మోను తగ్గుతుంది. దానితో కింది చర్మం పలచబడుతుంది, తడి ఆరిపోతుంది, ఒంటేలు దారి కూడా దాని పక్కనే కాబట్టి అదీ ఒరుసుకుపోతుంది. మంట అందుకే, ఆగకపోవడం అందుకే, కలిస్తే నొప్పి అందుకే, ఆ రక్తపు చుక్కా అందుకే. అన్నీ ఒకే చెట్టు కొమ్మలు, గర్భసంచి తీస్తే పోయేవి కావు అంది. లోపల పెట్టుకునే క్రీము రాసి ఎట్లా వాడాలో చూపించింది. మొదట రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. గుణం కనబడడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, మళ్లీ రక్తం కనబడితే మాత్రం ఆగకుండా రావాలి. ఒంటికి ఆపుకునేటప్పుడు బిగపట్టే కండరాన్ని ఖాళీగా ఉన్నప్పుడు బిగించి వదలడం నేర్పింది. బీడీలు చేస్తూ కూడా చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు అంది. అక్క అప్పుడు నవ్వింది.

ఇంటాయనకు చెప్పావా అని చివరగా అడిగింది. అక్క నవ్వు ఆగిపోయింది. ఎట్లా చెప్పాలె మేడం, ఎదురెదురుగ మేమెన్నడు మాట్లాడినం అంది. అది నిజం. వాళ్ల కాపురమంతా ఫోన్‌లోనే. మొదట్లో ఎస్‌టీడీ డబ్బా ముందు లైను కట్టి, తర్వాత సెల్‌లో, ఆ తర్వాత వీడియోలో. బిడ్డ పెద్దమనిషైన సంగతి, మామ పోయిన సంగతి, ఇంటికి పునాది ముగ్గు పోసిన సంగతి అన్నీ ఆ లైను మీదే చెప్పింది. ఛుట్టీకి వస్తే ఇల్లంతా చుట్టాలు, ఆయనకు అన్నం పెట్టడం తప్ప మాటకు సందు ఉండేది కాదు. ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటూ ఉప్పు సరిపోయిందా అనే మాట తప్ప మరో మాట తోచడం లేదు.

బయటికి వచ్చాక అక్క మెట్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. మందుల సంచి నా చేతికిచ్చింది. సెల్ తీసి బావకు కలిపింది. ఆయన అదే పొద్దున కోరుట్లలో ఆమె చేసిపెట్టిన అన్నం తిని ఇంట్లో కూర్చుని ఉన్నాడు. గల్ఫ్ అలవాటు, ఇద్దరూ ఫోన్‌లో గట్టిగానే మాట్లాడతారు, కాబట్టి నాకు అంతా వినబడింది. నేను దూరం జరగబోతే అక్క నా కొంగు పట్టుకుంది.

"ఇగో, నేను జెప్పేది నడుమ ఆపకుంట ఇను. నాకు రోగం లేదు. ముట్టాగినంక కింద పలసవడ్డదట, గందుకే నొప్పి. నువ్వు దగ్గరికచ్చినప్పుడల్ల నాకు పాణం పోయేది. రాత్రి గోడ దిక్కు ఒరిగింది గందుకే. నువ్వంటె ఇష్టం లేక గాదు."

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వెన్నడన్న అడిగినవా?"

"నేను నీకు పడ్తలేననుకున్న" అన్నాడు బావ. "నీ ఇంట్ల నేను ఎక్కువైన అనుకున్న." ఆ తర్వాత, నయం కావడానికి ఎంత కాలం పడుతుందని అడిగాడు. రెండు మూడు నెలలట, అప్పటిదాకా నన్ను తిప్పలు పెట్టొద్దు అంది అక్క, మేస్త్రీతో మాట్లాడిన గొంతుతో.

"ముప్పై ఏండ్లు ఆగినోన్ని, మూడు నెలలు ఆగనా" అన్నాడు.

అక్క ఫోన్ పెట్టేసి అక్కడే గోడ వారగా కూలబడి ఏడ్చింది. కడుపుతో ఉన్న పిల్ల ఒకతె ఆగి, ఏమైంది పెద్దమ్మా అని అడిగింది. ఏం కాలే బిడ్డా, మంచిగనే ఉన్న అంది. ఆ మధ్యాహ్నం బావ జగిత్యాల వచ్చి ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు వెనక్కి తీసుకున్నాడు. ఏజెంటు నస పెట్టాడట, ఈయన చెవిన వేసుకోలేదట. మెడికల్‌కు పోవాల్సిన సోమవారం నాడు ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు.

మా బావను నేను తక్కువ అంచనా వేసేదాన్ని. తర్వాతిసారి చూపించుకోవడానికి ఆయనే వెంట పోయి, ఆడవాళ్లతో నిండిన హాలులో మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడట. డాక్టరమ్మ ఆయనను కూడా లోపలికి పిలిచి మీకేమైనా అడగాలని ఉందా అంటే, నా వల్ల ఆమెకు నొప్పి కాకుండా నేనేం చేయాలె అని అడిగాడట. మూడు దేశాల మనుషులతో కలిసి గొడ్డుచాకిరీ చేసిన మగవాడు ఆ మాట అడగడానికి ఎంత గుండె ఉండాలో నేను ఆలోచిస్తూనే ఉన్నాను.

నాలుగైదు నెలల తర్వాత ఒక ఆదివారం కోరుట్ల పోయాను. అరుగు మీద చేటలు, తంబాకు ఘాటు. అక్క మధ్యలో కూర్చుని, ఎదురుగా ఉన్న నడివయసు ఆమెను నిలదీస్తోంది. మంట పోసేటప్పుడా, పోసినంకనా? డెట్టాల్ పోసుకుంటున్నవా? ఆమె సిగ్గుపడుతుంటే, సిగ్గెందుకు, ముట్టాగిన ఆడోళ్లందరికి అయితది, జగిత్యాల పోదాం పా అని దబాయిస్తోంది. అప్పటికే ఇద్దరిని తీసుకుపోయి చూపించిందట. పక్కనే స్టీలు బిందె, గ్లాసు. నాలుగు కట్టలు అయితే ఒక గ్లాసు నీళ్లు అని రూలు పెట్టిందట, అందరూ తాగుతున్నారు. ఒకరు లేస్తే ఒకరి చేట ఇంకొకరు అందుకుంటున్నారు. నాకు గర్వంతో ఒళ్లు పొంగింది.

బావ లోపల బియ్యం కడుగుతున్నాడు. అన్నం వండడం మస్కట్‌లో నేర్చుకున్నాడు, ఇన్నేళ్లుగా ఆ సంగతి ఎవరికీ తెలియదు. అందరూ లేచిపోయాక నేను అక్క పక్కన కూర్చుని, ఇప్పుడెట్లా ఉంది అని మెల్లగా అడిగాను. మంట లేదంది. అప్పుడప్పుడు తుమ్మితే ఒక చుక్క, అంతేనంది. తర్వాత ఒళ్లోని తంబాకు దులుపుకుంటూ, లోపలికి ఒకసారి చూసి, నాకు మాత్రమే వినబడేట్టు అంది.

"పెండ్లయి ముప్పై ఏండ్లు దాటింది చెల్లె. కాపురం గిప్పుడు జేస్తున్న."